ఎండ కోసం గుడ్లు

ఆ వేసవంతా నేను గుడ్లే తిన్నాను. ఉడకబెట్టుకుని తిన్నాను, అట్టు వేసుకుని తిన్నాను, పాలల్లో గిలక్కొట్టుకుని తాగాను. జూన్ వచ్చేసరికి గుడ్డు వాసన తగిలితేనే ముక్కు మూసుకునేదాన్ని. అయినా ఒక్కటి పారెయ్యడానికి మనసొప్పేది కాదు. ఎవరో తమ పెళ్ళిరోజు ఎండ కాయాలని తెచ్చిచ్చిన గుడ్లు అవి. వాటిని చెత్తబుట్టలో వెయ్యడమంటే ఆ పెళ్ళినే చెత్తబుట్టలో వేసినట్టు అనిపించేది.

మా ఫ్లాండర్స్‌లో పెళ్ళి కుదిరితే క్లారా సిస్టర్ల మఠానికి గుడ్లు తెచ్చివ్వడం ఆచారం. సిస్టర్లు ప్రార్థన చేస్తే ఆ రోజు వాన పడదని నమ్మకం. మాది ఏడాదిలో ఏ నెలలోనైనా గొడుగు పట్టుకుని తిరిగే దేశం. అందుకని క్రిస్మస్‌కి కూడా చర్చి గడప తొక్కనివాళ్ళు సైతం గుడ్ల సంగతి మాత్రం మరిచిపోరు.

గుడ్లిచ్చేది చేతికి కాదు. మా మఠం వాకిట్లో, గోడలో కూర్చోబెట్టిన పెద్ద చెక్క పీపా ఒకటుంది. దానికి ఒక పక్కనే తెరుపు. బయటివాళ్ళు గంట మోగించి, అందులో బుట్ట పెట్టి, పెళ్ళి తారీఖు చెబుతారు. లోపలున్న సిస్టర్ పీపాని తిప్పితే బుట్ట లోపలికొస్తుంది. వాళ్ళ మొహం మాకు కనపడదు, మా మొహం వాళ్ళకి కనపడదు. వినపడేది గొంతు ఒక్కటే. రెండు వందల ఏళ్ళకు పైగా ఇలాగే నడిచింది.

ఆ వేసవికి వచ్చిన చిక్కల్లా, గోడకి ఇవతల సిస్టర్లు లేకపోవడమే. ఉన్నది నేనొక్కదాన్ని.

ఈస్టర్ పండుగ వెళ్ళగానే మఠం మూసేశారు. అయిదుగురం మిగిలాం, అందులో నలుగురు మంచం దిగడానికి మనిషి సాయం కావలసినవాళ్ళు. వాళ్ళని ఊరి అవతలి కొసన ఉన్న వృద్ధాశ్రమానికి తరలించారు. మఠం అమ్ముడుపోయింది. కొన్నాయన పనులు మొదలుపెట్టేదాకా ఎవరో ఒకరుండి కిటికీలు తెరిచి మూస్తూ ఉండాలని, లేకపోతే గోడలు చెమ్మెక్కిపోతాయని అన్నారు. అందరిలోకీ చిన్నదాన్ని, లుట్‌గార్డ్‌ని, నన్ను ఉండమన్నారు. చిన్నదాన్నంటే నవ్వకండి, నాకప్పటికే యాభై దాటాయి.

చలికాలం లోపల నేను ఏదో ఒకటి తేల్చుకోవాలి. సరిహద్దు దాటి దక్షిణాన ఉన్న మరో మఠంలో చేరాలి, లేదా ఈ బట్టలు విప్పేసి మామూలు మనిషిలా బయటికి పోవాలి. బిషప్ గారి ఆఫీసువాళ్ళు చాలా మర్యాదగానే చెప్పారు. నాకు రెండూ ఇష్టం లేవు. పాతికేళ్ళు దాటకుండా ఈ ఇంట్లోకి వచ్చాను. ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ కిటికీకి ఏ వేళకి ఎండ వస్తుందో నాకు తెలుసు. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. అంతకు మించి ఏమీ అక్కర్లేదు, అదొక్కటే కుదిరేలా లేదు.

ఒంటరితనం అన్నం దగ్గర అంతగా తెలియలేదు. మేమెలాగూ మాట్లాడకుండా తినేవాళ్ళమే. ప్రార్థన దగ్గర తెలిసింది. మేం గుడిలో రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడి కీర్తనలు చదువుతాం. ఒక వరుస ఒక వాక్యం చదివితే అవతలి వరుస తరవాతిది అందుకుంటుంది. ఒంటరిగా నిలబడిన మొదటి రోజు నా వాక్యం చదివి అలవాటు కొద్దీ ఆగాను. ఎవరూ అందుకోలేదు. రెండోది కూడా నేనే చదివేస్తే పక్కవాళ్ళ కంచంలోది తిన్నట్టు అనిపించింది. చివరికి వాళ్ళ వాక్యానికి పట్టేంతసేపు ఊరుకుని, నావి మాత్రం చదవడం మొదలుపెట్టాను. ఆ వేసవంతా దేవుడికి మా మఠం నుంచి సగం కీర్తనలే అందాయి. ఆ ఊరుకున్న సగంలోనే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం వాకిట్లో గంట మోగింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఆ పరుగు చూస్తే మా మఠం పెద్ద మదర్ కొలెటా చీవాట్లు పెట్టేది.

"దేవుడికి వందనాలు," అన్నాను పీపా దగ్గర నిలబడి.

"నమస్కారం సిస్టర్! మే ఇరవై మూడు. మా చెల్లెలి పెళ్ళండి. డజను పెట్టాను, అన్నీ మా కోళ్ళవే. కాస్త గట్టిగా ప్రార్థించండి, పోయినేడు మా అక్క పెళ్ళికి ఇవ్వడం మరిచిపోయాం, కేకు మీద వాన పడింది."

ఈమెకి సంగతి తెలియదు. మఠం మూసేశారన్న వార్త పేపర్లో వచ్చింది, అయితే మఠం సంగతులు ఎవరు చదువుతారు? మూసేశారమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను.

"మీరందరూ ప్రార్థిస్తారు కదండీ?" అందామె.

"ప్రార్థిస్తాం," అన్నాను.

అబద్ధం కాకుండా చూసుకోవాలి కదా. ఆ మధ్యాహ్నమే సైకిలెక్కి వృద్ధాశ్రమానికి వెళ్ళి మే ఇరవై మూడు అని చెప్పాను. నలుగురూ ఒక గదిలో చేరి ప్రార్థించారు. సిస్టర్ బెనిన్యాకి చెవులు పూర్తిగా పోయాయి, మధ్యలో "ఏ తారీఖూ?" అని అరుస్తూనే ఉంది. "నీ పెళ్ళి కాదులే, కళ్ళు మూసుకో," అంది మదర్ కొలెటా. మా మదర్‌కి తొంభై దాటినా మాట పదును తగ్గలేదు.

గుడ్లు కూడా అక్కడే ఇచ్చేద్దామని చూశాను. బయటి గుడ్లు మా వంటింట్లోకి రానివ్వం అంది వంటావిడ, నేనేదో పాముల్ని తెచ్చినట్టు చూస్తూ. అలా గుడ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. వేసవి ముదిరేకొద్దీ గంట మోగుతూనే ఉంది, తారీఖులు వస్తూనే ఉన్నాయి, నేను సైకిలు తొక్కుతూనే ఉన్నాను. ఒక్కో రోజు ఎవరూ రాకపోతే పీపా దగ్గర స్టూలు వేసుకుని ఊరికే కూర్చునేదాన్ని.

మఠం కొన్నాయన పేరు వన్నెస్ దెల్బార్. నలభైకి ఇటుగా ఉంటాడు, ఎర్రటి బుగ్గలు, గది నిండిపోయే గొంతు. జూన్‌లో ప్లాన్ కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. గదులన్నీ హోటల్ గదులవుతాయి, భోజనాల హాలు రెస్టారెంట్ అవుతుంది, గుడి పెళ్ళిళ్ళ హాలు అవుతుంది. చెబుతూ చెబుతూ వంటింట్లోకి వచ్చి ఠక్కున ఆగిపోయాడు. బల్ల మీద, కిటికీ గట్టు మీద, అలమరలో, ఎక్కడ చూసినా గుడ్లే.

"ఇవేంటి సిస్టర్? కోళ్ళఫారం పెట్టారా?"

"పెళ్ళివాళ్ళు తెస్తున్నారండీ."

"ఇంకా తెస్తున్నారా? మూసేశాక కూడానా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా నాయనమ్మ నా పెళ్ళికి ఇక్కడికే తెచ్చింది, తెలుసా? నా పెళ్ళిరోజు ఎండకి మా మావగారి బట్టతల కాలిపోయింది."

"పెళ్ళి బాగానే ఉందా?"

"ఎండ బాగుంది," అని పకపకా నవ్వాడు. "విడిపోయి మూడేళ్ళయింది. అది మీ తప్పు కాదులెండి, మీరు వాతావరణం వరకే కదా చూసేది."

వెళ్ళే ముందు గుమ్మంలో నిలబడి చాలాసేపు వాకిలి వైపు చూశాడు. తరవాత వెనక్కి తిరిగి, ఒక్క మాట అడుగుతాను ఏమీ అనుకోకండి అన్నాడు.

"మీరు ఇక్కడే ఉండిపోవచ్చు కదా సిస్టర్? మీ గది మీకే వదిలేస్తాను. హీటింగ్ పెట్టిస్తాను. భోజనం మా రెస్టారెంట్‌లోనే. మీరేం చెయ్యక్కర్లేదు, ఇప్పుడు చేస్తున్నదే చెయ్యండి. ఇవే బట్టలు, ఇదే పీపా. మా దగ్గర పెళ్ళి చేసుకునేవాళ్ళు ముందొచ్చి మీకు గుడ్లిస్తారు. ఇలాంటిది ఇంకే హాల్లో ఉంటుంది చెప్పండి?"

అక్కడికక్కడే సరే అనబోయాను.

"ఒక్క చిన్న మార్పు. పీపా పక్కన గోడ కొట్టించి గాజు పెట్టిస్తాను. మీరు కనపడాలి కదా, ఫోటోలు తీసుకుంటారు."

"కనపడకూడదనే కదండీ పీపా పెట్టింది."

"అబ్బా, కాస్త కనపడండి సిస్టర్, మీ సొమ్మేం పోయింది?"

వారం రోజులు ఆ మాటే నెమరువేసుకున్నాను. చివరికి మదర్ కొలెటా దగ్గరికి వెళ్ళి చెప్పాను. తిడుతుందనే అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, అప్పుడు వద్దని చెప్పడం తేలికయ్యేది.

"తిండి పెడతాడా?" అందావిడ.

"పెడతాడటమ్మా."

"గది వెచ్చగా ఉంటుందా?"

"హీటింగ్ పెట్టిస్తాడట."

"చూశావా, మా రోజుల్లో ఈ తెలివి ఎవడికీ పుట్టలేదు. చలికి వేళ్ళు కొంకర్లుపోయి చచ్చాం." కాసేపు కిటికీలోంచి చూసింది. "నీకేమనిపిస్తోందే?"

"ఉండాలని ఉందమ్మా."

"అయితే ఉండు."

"తప్పు కాదా? సర్కస్‌లో కూర్చున్నట్టు..."

"అది నీ ఇల్లు. ఇల్లు వదల్లేకపోవడం తప్పెలా అవుతుందే? వెర్రి మొహమా, పద, వీల్చైర్ తొయ్యి. కాఫీ ఇచ్చే వేళయింది."

అలా ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒప్పుకున్న రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

జూలై అంతా పనివాళ్ళు. రెండు గదుల మధ్య గోడ కొట్టి ఒకటి చేశారు, వరండా పొడుగునా పైపులు వేశారు, గుడిలో బల్లలు తీసి కుర్చీలు పెట్టారు. ఇంటిని ముక్కలు చేస్తుంటే నేను కుమిలిపోవాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు పండగలా ఉండేది. పొద్దున్నే మనుషుల గొంతులు, రేడియో, సుత్తి దెబ్బలు, "సిస్టర్, కాఫీ ఉందా?" అనే కేకలు. వాళ్ళకి గుడ్డట్లు వేసి పెట్టాను, వద్దనకుండా తిన్నారు. వన్నెస్ ఒక ఫోటోగ్రాఫర్ని కూడా తెచ్చాడు. పీపా మీద చెయ్యి వేసి నిలబడమంటే నిలబడ్డాను. ఆ ఫోటో ఊరి పేపర్లో పడింది. అందులో నేను నవ్వుతున్నాను. ఎంతగా నవ్వుతున్నానో చూసుకుని నాకే మొహం చెల్లలేదు. ఆ మధ్య నన్ను చూసి ఎవరైనా ఏదైనా అడగడమే కరువైపోయింది మరి.

మొదటి పెళ్ళి సెప్టెంబర్ అయిదున ఖాయమైంది. పెళ్ళికూతురు యొలీన్, పక్క ఊరి మాంసం దుకాణంవాళ్ళ అమ్మాయి. పెళ్ళికొడుకు స్కూల్లో టీచరు. వన్నెస్ ఆ తారీఖుని జపంలా చదివేవాడు.

"ఇది బాగా జరిగిందా, వచ్చే ఏడాదంతా నిండిపోతుంది సిస్టర్. జరగలేదా, నేను బ్యాంకువాళ్ళకి మొహం చూపించలేను. బాగా ప్రార్థించండి."

"గుడ్లు రానివ్వండి ముందు," అన్నాను.

హాలు చూడటానికి అందరూ వచ్చినరోజు నేను గుడి పైభాగంలో, పూర్వం జబ్బుపడిన సిస్టర్లు కూర్చునే చోట నిలబడి చూశాను. పెళ్ళికొడుకు కుర్చీలు లెక్క పెట్టాడు, ప్రతి దానికీ "మీ ఇష్టమండీ" అన్నాడు, మంచివాడిలాగే ఉన్నాడు. మాటలన్నీ అమ్మాయి నాయనమ్మవే. కర్ర పట్టుకుని అటూ ఇటూ చూపిస్తూ, కేకు ఇక్కడ పెట్టండి, బ్యాండు అక్కడ పెట్టండి, తలుపు దగ్గర గాలి కొడుతుంది మా చెల్లెల్ని అక్కడ కూర్చోబెట్టకండి అంటూ ఊపిరాడనివ్వలేదు. యొలీన్ నలుగురి వెనకాల నిలబడింది. ఎవరైనా తిరిగి చూసినప్పుడల్లా నవ్వింది. చూడనప్పుడు ఆపేసింది. నేను పైన ఉన్నాను కాబట్టి రెండూ కనపడ్డాయి.

ఆగస్టు చివరలో ఒక మధ్యాహ్నం, పనివాళ్ళు భోజనాలకి పోయి ఇల్లు చల్లబడిన వేళ, గంట మోగింది. గాజు బిగించేవాడు అప్పటికి ఇంకా రాలేదు. గోడ గోడలాగే ఉంది.

"దేవుడికి వందనాలు," అన్నాను.

పీపాలో బుట్ట పెట్టిన చప్పుడు వినపడింది. తిప్పాను. తెల్లటి గుడ్డ పరిచిన బుట్టలో గోధుమరంగు గుడ్లు, శుభ్రంగా తుడిచి పెట్టారు.

"ఏ రోజమ్మా?"

"సెప్టెంబర్ అయిదు."

ఆ తారీఖు ఎవరిదో నాకు తెలుసు. అలాగేనమ్మా, ప్రార్థిస్తాం అనబోయాను.

"సిస్టర్, వాన పడాలని ప్రార్థించరా?"

"వానా?"

"బాగా పడాలి. ఎవరూ ఇంట్లోంచి కదల్లేనంత పడాలి."

గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. అవతల ఆమె కూడా గోడకి ఆనుకునే ఉందనుకుంటాను, గొంతు చాలా దగ్గరగా వినిపించింది.

"ఆయన మంచివాడే సిస్టర్. అందరూ అంటారు. నేనూ అంటాను. అయితే సాయంత్రం ఆయన కారు మా ఇంటి ముందు ఆగితే నేను నా గదిలో లైటు ఆర్పేస్తాను. ఎందుకు ఆర్పుతున్నానో నాకే తెలీదు. చీకట్లో కూర్చుంటాను. కింద అందరూ పిలుస్తూ ఉంటారు, అప్పుడు నవ్వుకుంటూ దిగుతాను."

"ఇంట్లో చెప్పావా?"

"ఏమని చెప్పను? కొట్టాడనా? తాగాడనా? ఏదైనా చేసి ఉంటే చెప్పేదాన్ని. ఏమీ చెయ్యలేదు. డ్రెస్సు కుట్టించేశారు. నాయనమ్మ వాళ్ళ చెల్లెలికి టికెట్ కూడా కొనేసింది."

"వానొచ్చినా పెళ్ళి ఆగదమ్మా," అన్నాను. "గొడుగులేసుకుని వస్తారు. మన ఊళ్ళో వానకి ఆగిన పెళ్ళి ఒక్కటైనా ఉందా?"

నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

"అయితే మరెలా?"

నేనెవర్ని చెప్పడానికి? పెళ్ళి గురించి నాకేం తెలుసు? ఆమె పెళ్ళి జరగాలని నాకంటే ఎక్కువగా ఎవరికి ఉంది? అది జరిగితేనే నా గది నాకుంటుంది. ఇవన్నీ నేను ఆ క్షణాన ఆలోచించానని చెప్పను. తరవాత ఆలోచించాను. అప్పుడు మాత్రం బుట్టని మళ్ళీ పీపాలో పెట్టి వెనక్కి తిప్పాను. అంతే.

అవతల బుట్ట మీది గుడ్డ తీసి చూసిన అలికిడైంది.

"ఏంటి సిస్టర్ ఇది?"

"నీ గుడ్లు. తీసుకెళ్ళు."

"మీరు వెనక్కివ్వరు కదా? ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదంటారు కదా?"

"ఇవ్వలేదు."

"మరి?"

"తీసుకెళ్ళి ఇంట్లో చూపించు."

ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. తరవాత పీపాలోంచి బుట్ట తీసిన చప్పుడు, రాళ్ళ మీద అడుగులు. మొదట నెమ్మదిగా, గేటు దగ్గరికి వెళ్ళేసరికి గబగబా. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. పనివాళ్ళు భోజనం చేసి వచ్చి కాఫీ అడిగారు, పెట్టి ఇచ్చాను.

రెండో రోజు పొద్దున్నే వన్నెస్ వచ్చాడు. ఎప్పుడూ గేటు దగ్గరే కేకేసేవాడు, ఆ రోజు ఏమీ అనకుండా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"గుడ్లు వెనక్కిచ్చారట?"

"ఇచ్చానండీ."

"ఆ పిల్ల బుట్ట తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టిందట. క్లారా సిస్టర్లు వెనక్కిచ్చారు అని ఒక్క ముక్క చెప్పిందట. నాయనమ్మ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని కుర్చీలో కూలబడిందట. 'యాభై ఏళ్ళ బట్టి చూస్తున్నాను, ఆ పీపాలోకి వెళ్ళిన గుడ్డు బయటికి రావడం ఎప్పుడూ వినలేదు, ఈ పెళ్ళి వద్దు,' అందట. పిల్లాడు వచ్చి బతిమాలాడట పాపం. ముసలావిడ తలుపు తియ్యలేదు. మొత్తం క్యాన్సిల్. వంటవాళ్ళు, బ్యాండు, అన్నీ."

"అమ్మాయి ఏమంది?"

"ఏమంటుంది? పెద్దావిడ మాటకి ఎదురు చెప్పకూడదని ఊరుకుందట." నా మొహంలోకి చూశాడు. "ఎందుకిచ్చారు సిస్టర్?"

"పీపా దగ్గర విన్నది బయటికి చెప్పకూడదు."

"నాకు కూడానా?"

"ఎవరికైనా అంతే."

కోప్పడితే తట్టుకునేదాన్ని. కోప్పడలేదు. మూలనున్న సిమెంటు బస్తా మీద కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"ఊరంతా ఇదే మాట సిస్టర్. పొద్దున బేకరీలో ఇద్దరు నన్నడిగారు, ఆ సిస్టర్ మనిషిని చూసి గుడ్లు తీసుకుంటుందటగా అని. మొన్నటిదాకా గుడ్లివ్వడమంటే సరదా. ఇప్పుడు చూడండి, ప్రతి పెళ్ళికూతురూ తీసుకుంటారో తిప్పికొడతారో అని వణుకుతూ నిలబడాలి. గుడ్లు వెనక్కిచ్చే సిస్టర్ని పెట్టుకుని నేను పెళ్ళిళ్ళ హాలు ఎలా నడపను, మీరే చెప్పండి?"

"నడపలేరు," అన్నాను. నిజమే కదా.

"ఒక్క మాటివ్వండి చాలు." బస్తా మీంచి లేచి నా ఎదురుగా నిలబడ్డాడు. "ఇంకెప్పుడూ గుడ్లు వెనక్కివ్వనని చెప్పండి. ఈసారి ఏదో పొరపాటు జరిగిందని నేనే సర్ది చెప్పుకుంటాను. మీరు ఉండండి. నాకూ మీరుంటేనే ఇష్టం. ఒక్క మాట."

వంటింటి కిటికీలోంచి పెరడు కనపడుతోంది. ఆపిల్ చెట్ల కింద గడ్డి నేనే కోశాను. పైన నా గదిలో అప్పటికే హీటింగ్ గొట్టాలు బిగించారు, వాటికి తెల్ల రంగు కూడా వేశారు. నోరు తెరిచాను. వెనక్కివ్వనులెండి అనడానికే తెరిచానేమో కూడా. మాట మాత్రం వేరేది వచ్చింది.

"ఆ మాటివ్వలేనండీ."

ఆయన చాలాసేపు తల ఊపుతూ నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు, సామాను మొయ్యడానికి మనిషిని పంపిస్తానన్నాడు. నా సామానంతా కలిపి ఒక సూట్‌కేసు, ఒక అట్టపెట్టె. మనిషిని పంపాడు, ఆయన రాలేదు.

వృద్ధాశ్రమానికి దగ్గర్లో సైకిళ్ళ షాపు మీద ఒక గది అద్దెకి దొరికింది. మంచం, కుర్చీ, నీళ్ళ కుళాయి. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. ఆ గదికి గంట లేదు, పీపా లేదు, నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు లేరు. మఠంలో ఒంటరిగా ఉన్నప్పుడు కనీసం మిగిలినవాళ్ళ ఖాళీ చోట్లు నాకు తోడున్నాయి. ఇక్కడ అవీ లేవు. మొదటి రోజు సూట్‌కేసు విప్పకుండా మంచం అంచున కూర్చుని, ఏం పని చేశావే అని నన్ను నేను గట్టిగానే తిట్టుకున్నాను. బిషప్ గారి ఆఫీసుకు ఇంకా ఏ జవాబూ రాయలేదు.

సెప్టెంబర్ అయిదున ఆకాశం అద్దంలా ఉంది. ఒక్క మబ్బు లేదు. ఆ వేసవి మొత్తం మీద అంత మంచి రోజు రాలేదు. వృద్ధాశ్రమం తోటలోకి మదర్ కొలెటాని వీల్చైర్‌లో తీసుకొచ్చి ఎండలో కూర్చోబెట్టాను. సిస్టర్ బెనిన్యా పక్క బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"అయిదో తారీఖు కదా ఇవాళ?" అంది మదర్. "మొదటి పెళ్ళి. మేం బాగా ప్రార్థించాం, చూశావా ఎండ!"

అప్పటిదాకా ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఇల్లు మారానని కూడా చెప్పలేదు.

"పెళ్ళి జరగడం లేదమ్మా. ఆగిపోయింది."

"ఎవరాపారు?"

"గుడ్లు వెనక్కిచ్చాను."

మదర్ కళ్ళు చిట్లించి నావైపు చూసింది. ఎండ కళ్ళలో పడుతోందేమోనని కుర్చీ పక్కకి తిప్పబోయాను. వద్దని చెయ్యి ఊపింది.

"ఏడ్చిందా?"

"నవ్వుతూ ఏడ్చింది."

"ఊఁ," అంది. తరవాత కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. దుప్పటి సర్దుతుంటే నా మణికట్టు పట్టుకుంది. మా మఠంలో ఒకరినొకరం ముట్టుకునే అలవాటు లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను పట్టుకోవడం అదే మొదలు. పిట్టలా తేలిగ్గా ఉందా చెయ్యి.

"నేను పీపా దగ్గర ఉన్న కాలంలో ఒక పిల్ల వచ్చిందే. ఏమీ చెప్పలేదు నాకు. తారీఖొక్కటే చెప్పింది. చేతులు ఎంత వణుకుతున్నాయో, బుట్టలో గుడ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. లోపలికి తిప్పాను. నా చెయ్యి ఇంకా పీపా మీదే ఉంది. వెనక్కి తిప్పితే సరిపోయేది."

"తిప్పలేదా అమ్మా?"

"ప్రార్థిస్తాం తల్లీ అన్నాను. ప్రార్థించాం కూడా. ఆ రోజు ఎండ పేలిపోయింది."

"తరవాత?"

"తరవాత నాకెలా తెలుస్తుందే, మొహం కూడా చూడలేదు. ఇప్పుడుంటే నాయనమ్మ అయి ఉంటుంది." నా మణికట్టు వదల్లేదు. "నీకు ఇల్లు పోయిందా?"

"పోయిందమ్మా."

"పోతుందని తెలిసే ఇచ్చావా?"

"తెలుసమ్మా."

మదర్ తల ఆడించింది. ఎండ ఆవిడ మొహం నిండా పడుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"తిప్పి ఉంటే నాకేమీ పోయేది కాదే," అంది. "అయినా తిప్పలేదు."